పదమూడో అచ్చు

రేకుల మీద అడుగులు.

నెహెమ్యా తలెత్తి చూస్తాడు.

మే నెల. మధ్యాహ్నం పన్నెండున్నర. ఈ ఎండలో కడపలో ఎవడూ గడప దాటడు. అలాంటిది తన షెడ్డు నెత్తిన ఎవడో నడుస్తున్నాడు...

పైనుంచి ఒక గొంతు. ఫోన్లో మాట్లాడుతోంది.

"అన్నా, రూఫంతా ఎతికినా. ఏమీ లేదు. రెండు పావురాలు, ఒంటి చెప్పు ఉండాయి."

స్పీకర్లోంచి ఇంకో గొంతు గరగరలాడుతుంది.

"రూఫ్ మీద ఏం జేస్తాండావురా?"

"నువ్వే కదన్నా చెప్పింది. ఆయప్ప కాడ రూఫ్ ఉండాది, పోయి కాల్చేసి రా అని. రేకులు యాడ కాల్తాయన్నా..."

"ప్రూఫ్‌రా కంబన్నా, ప్రూఫ్. బొమ్మ. కాయితం. దాన్ని కాల్చు, వాన్ని నరుకు."

"అట్లనా..."

ఆ "అట్లనా" పూర్తి కాలేదు.

ఫట్!

రేకు పగిలింది. ముందు ఎండ పడింది. ఎండ వెనకే వేటకొడవలి పడింది. కొడవలి వెనకే తొంభై కిలోల కంబన్న పడ్డాడు.

పడటం పడటం అచ్చు యంత్రం మీదే. మోకాలు ఇనుప చక్రానికి తగిలి ఎండుకట్టెలా పుటుక్కుమంది.

నెహెమ్యా చేతిలో పీవీసీ పైపు. రెండు వైపులా మూతలు. అందులోనే ఉంది ఆ కాయితం.

తలుపు వైపు ఒక్క అడుగు వేస్తాడు.

చీలమండ పట్టుకుంటుంది ఒక చెయ్యి. కంబన్నది. రెండో చేతిలో కొడవలి.

సర్ర్...

పిక్క మీద నిప్పు గీసినట్టయింది. నెహెమ్యా పక్కకి ఒరుగుతాడు. బల్ల మీద చెయ్యి తడుముతుంది. దొరికింది. రాళ్లు నున్నగా రుద్దే ఇనుప బిళ్ల. పది కిలోలు.

వదిలేస్తాడు.

కొడవలి పట్టుకున్న వేళ్ల మీద పడిందది. వేళ్లు, కొడవలి పిడి కలిసి ఒకటే వస్తువైపోయాయి. కంబన్న అరుపుకి పైనున్న రెండు పావురాలూ లేచిపోయాయి.

"కదలగాకప్పా. కాలు ఇరిగింది," అంటాడు నెహెమ్యా, తనకే జాలేసి.

బయట బ్రేకుల చప్పుడు.

నల్ల స్కార్పియో. తేలు పేరు పెట్టుకున్న బండిలోంచి తేలులాంటి మనిషి దిగుతున్నాడు. పెద్ద ఈరన్న, క్వారీ ఓనర్ మనిషి. చేతిలో ఇంకో కొడవలి.

నెహెమ్యా వెనక కిటికీలోంచి దూకుతాడు. గోడవారగా టీవీఎస్ మోపెడ్. పైపు వీపుకి అడ్డంగా కట్టుకుంటాడు. కిక్కు.

లేవలేదు.

కిక్కు.

లేవలేదు.

"యాడికప్పా పోతాండావు?" ఈరన్న గొంతు మూల మలుపులో.

కిక్కు... డుర్ర్ర్!

*

ఎర్రగుంట్ల రోడ్డు. నిప్పుల గాలి.

పిక్క నుంచి కారే నెత్తురు చెప్పులోకి దిగి జారుతోంది. టీవీఎస్‌కి ఒంటి అద్దం. ఆ అద్దంలో నల్ల చుక్క. చుక్క కాస్తా ఈగ అయింది. ఈగ కాస్తా స్కార్పియో అయింది.

నెహెమ్యాకి యాభై రెండేళ్లు. రాతి మీద బొమ్మ అచ్చు తీసే పని. చదును చేసిన సున్నపురాతి మీద జిడ్డు పెన్సిల్‌తో బొమ్మ గీస్తే, దాని మీద తడి పట్టించి, సిరా పట్టించి, కాయితం పరిచి చక్రం తిప్పితే బొమ్మ కాయితం మీదికి వస్తుంది. రాయి మీద రాయి అని వాళ్ల నాయన నేర్పిన పని. ఆ పనికి కడప జిల్లాలో మిగిలింది ఇతనొక్కడే. ఆ పని ఇచ్చేదీ ఒక్కతే. నాగజ్యోతి.

జ్యోతమ్మ బొమ్మలు కలల్లాంటివి. ఆడమనిషికి తల ఉండాల్సిన చోట కడవ. చేపకి మీసాలు. బోరుబావిలోంచి మొలిచే జడ. సర్రియలిజం అంటారంట. "అర్థం కాకపోతే సర్రున తిరిగి ఇంకోసారి చూడు నెహెమ్యా, అంతే," అనేది ఆమె.

కిందటి చలికాలం ఒక బొమ్మ వేసింది. పన్నెండంటే పన్నెండే ప్రతులు. ఒక్కో దాని కింద పెన్సిల్‌తో అంకె, సంతకం. ఆ తర్వాత ఆనవాయితీ ప్రకారం నెహెమ్యా ఆమె కళ్లముందే రాయి మీద ఇసుక పోసి బొమ్మని రుద్ది చెరిపేశాడు. ఇక పదమూడోది తీయడానికి లేదు.

కానీ ఆ పనిలో ఇంకో ఆనవాయితీ ఉంది.

అచ్చు తీసినవాడికి ఒక ప్రతి. దానికి అంకె ఉండదు. లెక్కలోకి రాదు. దాన్నే ప్రింటర్స్ ప్రూఫ్ అంటారు. "మా నెహెమ్యాకు" అని రాసి కింద సంతకం పెట్టి ఇచ్చింది జ్యోతమ్మ. అతను బీరువాలో పెట్టి మరిచిపోయాడు.

పది రోజుల కిందట ఆమె కర్నూలు నుంచి ఫోన్ చేసింది.

"నెహెమ్యా, నీ తమ్ముడి సంగతి ఒకటి చెప్పాల. రెండేండ్లు భయపడి నోరు మూసుకున్న్యా. ఫోన్లో వద్దు. రేపు వస్తా."

రేపు రాలేదు. లారీ వచ్చింది. గుద్దింది. లారీకి సారీ చెప్పే అలవాటు లేదు, ఆగలేదు.

ఆ రాత్రి నెహెమ్యా తన ప్రతి తీసి చూశాడు. తెల్లారేదాకా చూశాడు.

బొమ్మలో కొండ ఒక ఆడమనిషి ముఖం. నుదుట ఒకవైపు కొమ్ము. కొండ కింద రెండు క్వారీ గుంతలు, రెండు కళ్లు. ఎడమవైపు కంట్లో నలుసులా ఒక బొలెరో. చుట్టూ మీసాల చేపలు. గట్టు మీద కడవ తల ఆడమనిషి. బొలెరో లోపల, డ్రైవర్ ముందు వేలాడుతూ... ఒక సిలువ.

ఒక చెయ్యి పొట్టిగా ఉన్న సిలువ.

నల్ల కడప రాతి ముక్కతో ఆ సిలువ చెక్కింది నెహెమ్యానే. ఉలి జారి ఒక చెయ్యి విరిగింది. "ఇదే బాగుండాది న్నా, చేతులు అరిగేలా పని చేసినోడి సిలువ," అని నవ్వుతూ బండిలో కట్టుకున్నాడు తమ్ముడు శామ్.

శామ్ క్వారీ ఓనర్ భూపేష్ దగ్గర డ్రైవర్. రెండేళ్ల కిందట బండితో సహా మాయమయ్యాడు. బొలెరో ఎత్తుకొని కర్ణాటక పారిపోయాడని భూపేష్ కేసు పెట్టాడు. ఊరు నమ్మింది. అమ్మ నమ్మలేదు.

ఈస్టర్ తెల్లవారుజామున చర్చి వాళ్లంతా తమ వాళ్ల సమాధులకి సున్నం కొట్టి కొవ్వొత్తులు పెడతారు. వాళ్లమ్మ ప్రేమమ్మ కూడా కొవ్వొత్తి పట్టుకుని వెళ్తుంది. ఎక్కడ పెట్టాలో తెలియక తిరిగి ఇంటికి తెచ్చుకుంటుంది. ఇప్పటికి రెండు కొవ్వొత్తులు పోగయ్యాయి.

నెహెమ్యాకి కావలసింది ఒక్కటే. మూడో కొవ్వొత్తి వెనక్కి రాకూడదు.

ధడ్!

స్కార్పియో వెనక నుంచి గుద్దింది. టీవీఎస్ గాల్లో లేచి మట్టిరోడ్డు మీద పడి, పడకుండా, వంకర్లు తిరిగి నిలబడింది.

పొద్దున టీ బంకు దగ్గర తనే వాగాడు. "నా కాడ ఇంకో ప్రూఫ్ ఉండాది, ఎస్సై మేడమ్‌కి సూపిచ్చేకి పోతాండా," అని. ఎగ్జిబిషన్లో పెట్టిన పన్నెండు ప్రతులూ ఎవరో ఎత్తుకెళ్లి తగలబెట్టారని తెలిసి కూడా. నోరు కూడా పీవీసీ పైపులాంటిదే, మూత ఉండాలి.

ధడ్!

ఈసారి స్కార్పియో పక్కకి వచ్చింది. కిటికీలోంచి ఈరన్న చెయ్యి. కొడవలి మెరుపు.

నెహెమ్యా తల వంచాడు. తల దక్కింది. చెవి దక్కలేదు. కుడి చెవి పైసగం ఎక్కడో వెనక దుమ్ములో పడిపోయింది.

ముందు చీనీ తోట. తోట చుట్టూ కంచె. ఈ సీమలో కంచె అంటే ముళ్లతీగ కాదు... నిలువునా పాతిన నాపరాతి బండలు. మనిషెత్తు. బండకీ బండకీ మధ్య సందు.

టీవీఎస్ పట్టేంత సందు.

నెహెమ్యా హ్యాండిల్ తిప్పాడు. రెండు మోచేతులూ గీసుకుపోయాయి. చర్మం బండలకి అంటుకుని ఉండిపోయింది. అతను మాత్రం అవతల పడ్డాడు.

స్కార్పియో రెండు బండల మధ్య ఇరుక్కుంది. మూడో బండ మెల్లగా, ఆలోచించి ఆలోచించి వంగినట్టు వంగి... అద్దంలోంచి లోపలికి వెళ్లింది.

హారన్ మోగుతూనే ఉంది. ఆ హారన్ మీద పెద్ద ఈరన్న ఛాతీ ఉంది. ఛాతీ మీద బండ ఉంది.

నెహెమ్యా వెనక్కి చూడలేదు.

*

ఒంటికొమ్ము కొండ.

కొండ కింద అటొకటి ఇటొకటి భూపేష్ క్వారీ గుంతలు. రెండింట్లోనూ పచ్చటి నీళ్లు. గట్టు మీద పోలీసు జీపు, ఒక క్రేను, ఇద్దరు గజ ఈతగాళ్లు. పనివాళ్లు ముప్పై మంది దాకా. ఒక గొడుగు. గొడుగు కింద ప్రేమమ్మ. ఒళ్లో కొవ్వొత్తి.

బొమ్మ సంగతి నెహెమ్యా ముందే చెబితే వెతకడానికి ఆర్డర్ తెచ్చిన ఎస్సై మహిమ ఎదురొచ్చింది.

"ఏంది న్నా ఈ నెత్తురు?"

"ముందు బొమ్మ చూడండి మేడమ్."

"నాలుగింటి దాకే ఆర్డర్ ఉండాది న్నా. క్రేను ఒక్క గుంతకే చాలుతుంది. నాలుగు దాటితే ఆయన రెండు గుంతలూ పూడ్చుకుంటాడు. ఏ గుంతో నువ్వే చెప్పాల."

ఆయన అంటే భూపేష్. తెల్ల చొక్కా, నడుముకి లైసెన్స్ ఉన్న పిస్టల్. జేసీబీ పక్కన నిలబడి ఉన్నాడు. నెహెమ్యాని చూడగానే ముఖం మాడిపోయింది. రావలసింది ఈరన్న. వచ్చింది వీడు.

పైపు మూత తీశారు. కాయితం విప్పారు. జీపు బానెట్ మీద పరిచారు.

భూపేష్ మెడ సాచి చూశాడు.

చూసి...

నవ్వాడు.

చిన్న నవ్వు కాదు. గుండె మీంచి బండ దిగిన నవ్వు.

"ఇదేనా బొమ్మ? దీనికా ఇంత రచ్చ? ఎడమ గుంతలో ఉండాది కదా మేడమ్ బండి, చక్కంగా. ఎతకండి. నేనే నీళ్లు తోడిపిస్తా."

నెహెమ్యా బొమ్మ వైపు మళ్లీ చూశాడు. పన్నెండు బొమ్మలు తగలబెట్టించినవాడు పదమూడోది చూసి నవ్వుతున్నాడేంటి?

ఈతగాళ్లు ఎడమ గుంతలోకి దూకారు. క్రేను కొక్కెం దిగింది.

మూడయింది. ఒక టైరు.

మూడున్నర. ఒక తుప్పు డ్రమ్ము.

మూడూ నలభై. బురద.

"ఏమీ లేదు మేడమ్. అడుగంతా తడిమినాం."

మహిమ నెహెమ్యా వైపు చూడలేదు. అదే ఎక్కువ నొప్పి.

"కలలు గనే ఆడమనిషి గీసిందప్పా," అన్నాడు భూపేష్ పనివాళ్లతో. "కడవ తలకాయలు, మీసాల చేపలు. అట్లాంటి బొమ్మకి కేసులు పెడితే ఇంక మేం నిద్రపోయినా అరెస్టు చేస్తారు. ఒరే, కుడి గుంత నుంచి మొదలుబెట్టండి. మట్టి ఎయ్యండి."

జేసీబీ గుర్రుమంది.

ప్రేమమ్మ లేచి నిలబడింది.

"నాయనా నెహెమ్యా... ఈడ కూడా లేడా?"

అతను టీవీఎస్ దగ్గరికి నడిచాడు. తెగిన చెవి నుంచి నెత్తురు మెడలోకి కారుతోంది. అద్దంలో చూసుకుంటూ తువ్వాలు కట్టుకోబోయాడు.

అద్దంలో చెవి.

చెవి వెనక భుజం.

భుజం వెనక... కొండ.

కొమ్ము కుడివైపు ఉంది.

నెహెమ్యా వెనక్కి తిరిగాడు. కొండకి కొమ్ము ఎడమవైపు ఉంది.

అద్దంలో చూశాడు. కుడి. బానెట్ మీది బొమ్మ చూశాడు. కుడి. అద్దంలో కొండ బొమ్మలో కొండలాగే ఉంది... అచ్చు గుద్దినట్టు.

అచ్చు గుద్దినట్టు!

ఇక్కడికొచ్చినప్పుడే చూశాడు, కొమ్ము అటు ఉంటే బొమ్మలో ఇటు ఉందని. జ్యోతమ్మ బొమ్మల్లో కొండ ఎటైనా ఎగురుతుంది కదా అనుకుని వదిలేశాడు.

"మేడమ్, జేసీబీని ఆపండి," అన్నాడు. జేసీబీ మోతలో వినపడలేదు. మళ్లీ అన్నాడు. "ఆపండి. కుడి గుంత. నా తమ్ముడు కుడి గుంతలో ఉండాడు."

మహిమ వచ్చింది. నెహెమ్యా టీవీఎస్ అద్దాన్ని మెలితిప్పి ఊడబీకాడు. బొమ్మ పక్కన నిలబెట్టాడు.

అద్దంలో బొమ్మ తిరగబడింది. కొమ్ము ఎడమకొచ్చింది. బొలెరో కుడి కంట్లోకి దూకింది.

మహిమ అద్దం చూసింది. కొండ చూసింది. తర్వాత భూపేష్‌ని చూసింది.

భూపేష్ ముఖంలో నవ్వు లేదు.

చేతిలో పిస్టల్ ఉంది.

ధన్!

నెహెమ్యా చేతిలో అద్దం పగిలి అరచేతిలోకి దిగబడింది. బుల్లెట్ బానెట్ మీది బొమ్మలోంచి దూసుకుపోయి ఇంజిన్లో ఆగింది.

పనివాళ్లు నేల మీద పడుకున్నారు. ప్రేమమ్మ పడుకోలేదు. కొవ్వొత్తి పట్టుకుని అలాగే నిలబడింది. నేరుగా కొడుకు ముందుకి నడిచింది.

"నన్ను దాటుకోని కాల్చప్పా," అంది భూపేష్‌తో. "ఒకన్ని తీసుకుంటివి. ఇంకొకన్ని ఇయ్యను."

పిస్టల్ ఆమె వైపు తిరిగింది.

ధన్!

అందరూ ప్రేమమ్మని చూశారు. ఆమె నిలబడే ఉంది.

భూపేష్ మోకాళ్ల మీద పడ్డాడు. తొడలోంచి నెత్తురు. మహిమ రివాల్వర్ మూతి నుంచి సన్నగా పొగ.

"చెయ్యి కదిలితే రెండోది యాడ తగుల్తుందో నేను చెప్పలేను," అంది మహిమ. "టైము మూడూ యాభై రెండు. క్రేనప్పా, కొక్కెం కుడి గుంతలోకి దించు."

నాలుగింటికి రెండు నిమిషాల ముందు కొక్కెం బరువెక్కింది.

ముందు పచ్చటి నీళ్లు లేచాయి. నీళ్లలోంచి బొలెరో లేచింది. అన్ని వైపులా నీళ్లు కారుతూ, కన్నీళ్లలాగే. డ్రైవర్ సీట్లో బెల్టు పెట్టుకుని ఎముకలు. ఎముకల చేతులు తాడుతో స్టీరింగ్‌కి కట్టేసి ఉన్నాయి.

ముందు వేలాడుతోంది ఒక సిలువ. ఒక చెయ్యి పొట్టిది.

ప్రేమమ్మ నేల మీద కూర్చుంది. ఏడుపు రాలేదు. "అబద్ధాలు రాస్తిరి కదప్పా," అంది ఎవరితోనో. "నా బిడ్డ యాడికీ పోలేదు."

*

అప్పుడు అడిగింది మహిమ.

"నువ్వే అచ్చు తీస్తివి కదన్నా. నీకెట్లా తెలియలేదు?"

పనివాళ్లు, ఈతగాళ్లు, క్రేను డ్రైవరు, అందరూ చుట్టూ చేరారు. నెహెమ్యా అరచేతిలోంచి అద్దం పెంకులు తీసుకుంటూ చెప్పాడు.

"రాతి మీద గీసింది కాయితం మీద తిరగబడుతుంది మేడమ్. ముద్ర ఏసినట్టే. ముప్పై ఏండ్లుగా తెలుసు. జ్యోతమ్మ రాతి మీద ఏదన్నా పేరు రాస్తే, 'అమ్మా, అక్షరాలు తిప్పి రాయండి, లేకుంటే తప్పుగా పడతాయి' అని నేనే అరుస్తాంటి. అక్షరాలే చూస్తాంటి. కొండ కూడా తిరగబడుతుందని నాకు ఒక్కసారి కూడా తట్టల్యా. కొండని ఎవరు చదువుతారు మేడమ్?"

"ఆయమ్మ చూసింది చూసినట్టే రాతి మీద గీసిందన్నమాట."

"ఈడే ఏదో బండెనక కూచోని చూసి ఉంటాది. కుడి గుంతలో చూసింది. కుడి గుంతలోనే గీసింది. నేను చక్రం తిప్పి ఎడమ గుంతలోకి తోసినా."

అప్పుడు భూపేష్, అప్పుడే వచ్చిన అంబులెన్సు స్ట్రెచర్ మీంచి, పళ్లు బిగించి అడిగాడు.

"నేను బొమ్మ చూసి నవ్వింది..."

"నువ్వు నవ్వకుంటే నేను అద్దంలో కొండని చూసినా పట్టించుకోకుందును," అన్నాడు నెహెమ్యా. "పన్నెండు బొమ్మలు కాల్పిస్తివి, ఒక్కటి కూడా కండ్లతో చూడకుండా. ఎగ్జిబిషన్‌కి ఏసీ కోసం పోయిన ఈరన్న వచ్చి నీ బండి బొమ్మలో ఉండాదని చెప్పింటాడు. అంతే. ఒక్కసారి చూసింటే అప్పుడే నవ్వుకోని ఊరకుందువు. ఆయమ్మ బతికుండును."

ఇంకో జీపు వచ్చి ఆగింది. వెనక సీట్లో కంబన్న. కాలికి చెక్కలు, చేతికి కట్టు.

"ఈనే మేడమ్, షెడ్డులో దొరికినాడు. దొంగతనానికి పోయినానని చెప్తాండాడు," అన్నాడు కానిస్టేబులు.

కంబన్న స్ట్రెచర్ మీద భూపేష్‌ని చూశాడు. మధ్యాహ్నం నుంచి మనసులో నలుగుతున్నది ఆపుకోలేకపోయాడు.

"నా తప్పేం లేదన్నా. నువ్వు ఫోన్లో ప్రూఫ్ అని చెప్పింది నాకు రూఫ్ అని ఇనపడింది. సిగ్నల్ లేదు. లేకుంటే చెప్పినట్టే ఆయప్పని నరికి, కాయితం కాల్చేసి వస్తాంటి కదన్నా. కర్నూల్లో ఆ బొమ్మలామెకి లారీ పెట్టినప్పుడు నేనేమన్నా తప్పు ఇన్న్యానా?"



భూపేష్ కళ్లు మూసుకున్నాడు.

మహిమ నోట్‌బుక్ తెరిచింది.

"మెల్లగా చెప్పప్పా కంబన్నా," అంది. "ఈసారి సిగ్నల్ బాగుండాది."

నెహెమ్యా బానెట్ మీంచి కాయితం తీసుకున్నాడు. కడవ తల ఆడమనిషి గుండెల్లోంచి బుల్లెట్ దూరిపోయింది. కింద పెన్సిల్ సంతకం మాత్రం చెదరలేదు. చుట్టి అమ్మ చేతికిచ్చాడు.

జ్యోతమ్మ బొమ్మ గీసిన రాయి షెడ్డులో గోడకి ఆనించి ఉంది. నున్నగా, ఖాళీగా. రెండేళ్లుగా తమ్ముడి పేరు చెక్కడానికి ఒక రాయి వెతుకుతున్నాడు. దాన్నే తీసుకుంటాడు.

ఉలి పట్టగానే అలవాటు చొప్పున చెయ్యి అక్షరాలు తిప్పి రాయబోతుందని అతనికి తెలుసు.

ఈసారి తిన్నగా రాయాలి.